బాలల ఫుట్‌బాల్ ఛాయాచిత్రం చారిత్రక ఆధారంగా: ఎర్రగుంట్ల ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రాయలసీమలోని పాత ఉన్నత పాఠశాలలు చాలావాటిలో, ప్రధానోపాధ్యాయుల గది గోడమీద, ఒకే తీరు ఛాయాచిత్రం వేలాడుతూ ఉంటుంది. మధ్య కుర్చీలో ప్రధానోపాధ్యాయులు, ఆయన పక్కన డ్రిల్లు అయ్యవారు, వెనుక వరుసలో చేతులు కట్టుకొని నిలబడిన బాలురు, ముందు నేలమీద కూర్చున్న ఇద్దరు చిన్నవాళ్ళు, వాళ్ళ మధ్య ఒక బంతి. బంతిమీద తెల్లరంగుతో సంవత్సరం. కింద అట్టమీద ఎడమనుంచి కుడికి పేర్లు. ఆ బాలురు ఫుట్‌బాల్ ఆడారని మనకు తెలుస్తుంది. ఎలా ఆడారో, ఏ నేలమీద ఆడారో, గట్టుమీద నిలబడి ఎవరు చూశారో ఆ చిత్రం చెప్పదు.

ఆడుతున్న బాలుర చిత్రం ఎందుకు ఇంత అరుదు అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. మనవాళ్ళకు చరిత్రస్పృహ తక్కువ అనే సమాధానం తరచుగా వినిపిస్తుంది. అది సులువైన సమాధానమే గాని సరైనది కాదు. కెమెరా నిర్మాణం, ఫిల్ము ఖరీదు, ఈ సీమ ఎండ, నేల రంగు కలిసి ఆ లోటును సృష్టించాయి. ఎర్రగుంట్లను నేపథ్యంగా ఎంచుకోవడానికి కారణం కూడా అదే. గుంతకల్లు - రేణిగుంట రైలుమార్గంలోని ఈ ఊరి చుట్టూ నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. తెల్లని రాతిపొడి, నడినెత్తి సూర్యుడు ఉన్నచోట ఆరుబయట ఆటను చిత్రించడం ఎంత కష్టమో ఇక్కడ తెలిసినంతగా మరోచోట తెలియదు.

కూర్చున్న జట్టు, నిలబడిన జట్టు

మద్రాసు రాజధానిలో ఫుట్‌బాల్ ప్రధానంగా సైనిక దళాలు, మిషనరీ పాఠశాలలు, రైల్వే ఉద్యోగుల ద్వారా వ్యాపించింది. దత్తమండలాలకు ఈ మూడూ పరిచయమైనవే. బళ్ళారిలో కంటోన్మెంటు ఉండేది. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో లండన్ మిషనరీ సొసైటీ పనిచేసింది. మద్రాసునుంచి కడప మీదుగా సాగిన రైలుమార్గం 1871 నాటికి రాయచూరు చేరింది.

ఇదే కాలంలో ఛాయాచిత్రకళ ఏ స్థితిలో ఉన్నదో గుర్తుచేసుకోవాలి. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు అక్కడికక్కడే పూత పూసి, ఆరకముందే చిత్రం తీసి కడగవలసి ఉండేది. 1870ల చివరికి పొడి పలకలు మార్కెట్టులోకి వచ్చాక ఆ అవస్థ తప్పింది. అయినా, కదలకుండా ఉన్నవారిని చిత్రించే అలవాటు మాత్రం పోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (మరణం 1905) తీసిన సమూహచిత్రాల్లో కూర్చునేవారు, నిలబడేవారు, నేలమీద కూర్చునేవారు అనే అంతస్తుల అమరిక స్పష్టంగా ఉంటుంది. పాఠశాల జట్టు చిత్రం ఆ దర్బారు చిత్రానికి దూరపు చుట్టం.

ఇది ఒక్క రాయలసీమ విషయం కాదు. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచింది. ఆటగాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ వట్టికాళ్ళతో ఆడారు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి ఘట్టానికి కూడా మన కళ్ళముందు మెదిలేది వరుసగా కూర్చున్న, నిలబడిన జట్టు చిత్రమే.

అలాగని ఈ చిత్రాలను పక్కన పెట్టవలసిన పనిలేదు. వీటిలో చదవవలసినది ముఖాలకన్న ముందు పాదాలను. ఎవరికి బూట్లున్నాయి, ఎవరికి కాన్వాసు జోళ్ళున్నాయి, ఎవరు వట్టికాళ్ళతో ఉన్నారు, వట్టికాళ్ళవారిని వెనుక వరుసలో నిలబెట్టారా అన్నవి చూడాలి. కింది పేర్ల పట్టిక అంతకన్న విలువైనది. ఊరిలో ఏ వీధి పిల్లలు జట్టులోకి వచ్చారో, ఏ వీధివారు రాలేదో ఆ పేర్లను ఊరివారిచేత చదివిస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. ఏ మ్యాచ్ చిత్రమూ ఆ సమాచారం ఇవ్వలేదు.

వెలుతురు, దూరం, ఖర్చు

1960ల తరువాత మన పట్టణాల్లో మధ్యతరగతి ఇళ్ళకు చేరిన పెట్టె కెమెరాల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ ప్రసిద్ధమైనది. ఒక చుట్టకు 12 చిత్రాలు వచ్చేవి. పెళ్ళికో, తిరుపతి ప్రయాణానికో కొన్న చుట్టలోంచి పిల్లల ఆటకు ఒక చిత్రం ఖర్చుచేయడం సామాన్య విషయం కాదు. ఉదకమండలంలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ 'ఇందు' పేరుతో దేశీయ ఫిల్ము తయారుచేయడంతో సరఫరా కొంత మెరుగుపడింది గాని, కడగడం, అచ్చువేయడం ఖర్చులు స్టూడియోవారి చేతిలోనే ఉండేవి.

ఖర్చు భరించినా ఫలితం ఏమిటో లెక్కవేసి చూద్దాం. ఇటువంటి కెమెరా షట్టరు వేగం సుమారు సెకనులో 50వ వంతు అనుకుందాం. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తే బాలుడు ఆ వ్యవధిలో 10 సెంటీమీటర్లు ముందుకు జరుగుతాడు. సెకనుకు 20 మీటర్ల వేగంతో తన్నిన బంతి 40 సెంటీమీటర్లు కదులుతుంది. బంతి వ్యాసమే సుమారు 22 సెంటీమీటర్లు కాబట్టి, చిత్రంలో బంతి బదులు ఒక తెల్లని చార మాత్రమే మిగులుతుంది. ఇక దూరం సంగతి. సుమారు 70 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకంతో 40 మీటర్ల దూరంలోని, ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న బాలుణ్ణి చిత్రిస్తే ఫిల్ముమీద అతని ఎత్తు మూడు మిల్లీమీటర్లకు కూడా చేరదు. ఆ రోజుల్లో చాలా చిత్రాలను ఫిల్ము కొలతలోనే అచ్చువేసేవారు. చీమంత బాలుడు, చారలాంటి బంతి - దీనిని ఎవరు అద్దం కట్టించి దాచుకుంటారు?

పత్రికల ఛాయాచిత్రకారులు వాడిన స్పీడ్ గ్రాఫిక్ వంటి కెమెరాలకు సెకనులో 1000వ వంతు వేగం ఉండేది. ఆ వేగంలో అదే బంతి రెండు సెంటీమీటర్లే కదులుతుంది. కాని పెద్ద పలకల కెమెరాకు దూరం చూపే కటకాలు అనుకూలం కాకపోవడంతో వారు గోలుపోస్టు వెనుక కాచుకొని కూర్చునేవారు. అందుకే పాత ఫుట్‌బాల్ చిత్రాల్లో గాలిలోకి ఎగిరిన గోల్‌కీపర్లు, గోలు ముందు గుమిగూడిన ఫార్వర్డులు ఎక్కువగా కనిపిస్తారు. మైదానం మధ్యలో ఆటను నడిపిన హాఫ్‌బ్యాకు కనిపించడు. చిత్రాల ఆధారంగా ఆట చరిత్ర రాసేవారు ఈ పక్షపాతాన్ని మొదటే గుర్తించాలి.

ఎర్రగుంట్ల వంటి చోట మరో చిక్కు ఉంది. ఈ ఊరు సుమారు 14.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నది. ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు మధ్యలో మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమల నీడ కళ్ళను పూర్తిగా కప్పేస్తుంది. పైగా కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్నది మధ్యస్థమైన బూడిదరంగు అని భావించి లెక్క కడుతుంది. సున్నపురాతి పొడి పరచుకున్న తెల్లని నేల దానిని మోసగిస్తుంది. వెలుతురు ఎక్కువైందని భ్రమించి కెమెరా చిత్రాన్ని నల్లబరుస్తుంది. ఈ వ్యాసకర్త ఈ ప్రాంతంలో తొలిసారి బాలుర మ్యాచ్ చిత్రించినప్పుడు నేల చక్కగా వచ్చింది, ముగ్గుపిండి గీతలు చక్కగా వచ్చాయి, 22 మంది ముఖాలూ బొగ్గుముక్కలయ్యాయి. తప్పు కెమెరాది కాదు. అది చెప్పిన లెక్కను నమ్మినవారిది. వెలుతురును ఒకటి, ఒకటిన్నర మెట్లు పెంచుకొని, పొద్దు వాలాక, మోకాళ్ళమీద కూర్చొని, పిల్లలు తమవైపు పరుగెత్తి వచ్చే మూలలో కాచుకుంటే తప్ప ముఖం దొరకదు. సాయంత్రపు ఎదురెండలో లేచే దుమ్ము మాత్రం ఈ సీమ ఇచ్చే వరం. అది బంగారుతెరలా వెలుగుతుంది. అయితే ఆ అందం చూసేవారికే. అదే దుమ్ము పీలుస్తూ ఆడే పిల్లలకు కాదు.

హైదరాబాదు: చిత్రానికి అందని శిక్షణ

తెలుగునేలమీద ఫుట్‌బాల్‌కు అత్యున్నత దశ హైదరాబాదులో వచ్చింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం మరణించారు.

మెల్బోర్న్, జకార్తాల చిత్రాలు మనకున్నాయి. అక్కడ వార్తాసంస్థల కెమెరాలున్నాయి. అయితే ఆ విజయాలకు మూలమైన పని జరిగింది హైదరాబాదు గ్రౌండ్లలో. యువ ఆటగాళ్ళకు బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించడం అలవాటు కావాలని రహీం డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టించారు. ఈ నియమాన్ని ఏ నిశ్చలచిత్రం చూపగలదు? బంతి ఒకరి కాలిదగ్గర ఉన్నట్టు చూపుతుంది; అంతకుముందు ఎన్నిసార్లు తాకాడో చూపదు. 2024 ఏప్రిల్‌లో విడుదలైన 'మైదాన్' హిందీ చిత్రం రహీం జీవితాన్ని తెరమీదకు తెచ్చింది. ఇప్పుడు విద్యార్థులు చాలామంది ఆ కల్పిత దృశ్యాలనే నాటి ఆట రూపంగా భావిస్తున్నారు. తరగతి గదిలో దీనిని సరిదిద్దడం అధ్యాపకులకు కొత్తగా వచ్చిన పని.

అనంతపురం: దాతకోసం తీసిన చిత్రం

రాయలసీమలో పిల్లల ఆటలు పెద్దఎత్తున కెమెరాకు ఎక్కింది పొరుగున ఉన్న అనంతపురంలో. 1969లో అక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో క్రీడాగ్రామం, అకాడమీ ఏర్పడ్డాయి. పల్లెల్లోని బాలబాలికలకు ఫుట్‌బాల్ శిక్షణ లభించింది. సంస్థకు స్పెయిన్ దేశపు దాతల అండ ఉంది కాబట్టి చిత్రాల పాఠకులు కూడా అక్కడివారే. ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క దాత ఆదుకునే పద్ధతిలో బిడ్డ చిత్రం దాతకు చేరడం సహజం. ఆ అవసరం చిత్రం స్వభావాన్ని నిర్ణయిస్తుంది. నవ్వే ముఖం, రంగు చొక్కా, గాలిలో బంతి ఉంటాయి. ఓడిన జట్టు, దెబ్బతగిలి గట్టున కూర్చున్న పిల్ల అంతగా కనిపించవు. దీనిని నిందగా చెప్పడంలేదు. ప్రధానోపాధ్యాయులను మధ్యలో కూర్చోబెట్టిన చిత్రానికీ తన పాఠకుడున్నాడు. అయితే బాలికలు నిక్కర్లు వేసుకొని ఆరుబయట ఆడటాన్ని నమోదుచేసిన తొలి విస్తృత చిత్రసంపద ఈ సీమలో ఇదేనని నా అంచనా. ఆ కారణంగా దీనిని సామాజిక చరిత్రకారులు శ్రద్ధగా చదవాలి.

పేరులేని చిత్రాలు

2016 తరువాత చౌకగా దొరికిన మొబైల్ డేటాతో పరిస్థితి తలకిందులైంది. ఇప్పుడు ఎర్రగుంట్ల వంటి ఊళ్ళో ఒక్క సాయంత్రపు మ్యాచ్‌కు గట్టుమీద ఉన్నవారి ఫోన్లలో వందలకొద్దీ చిత్రాలు పోగవుతాయి. ఒకప్పుడు అసాధ్యమైన 1000వ వంతు వేగం మధ్యాహ్నపు ఎండలో ఫోను తనంతట తానే ఎంచుకుంటుంది. బంతి గుండ్రంగా వస్తుంది. కాలి కండరం కనిపిస్తుంది. అయితే ఆ బాలుడెవరు?

వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చిత్రం పరిమాణం తగ్గిపోతుంది. తీసిన సమయం, చోటు తెలిపే అంతర్గత సమాచారం తొలగిపోతుంది. అందుకున్న ఫోనులో ఫైలు పేరులో కనిపించే తేదీ మ్యాచ్ జరిగిన తేదీ కానక్కరలేదు. పరిశోధకులు దానిని తీసిన తేదీగా తీసుకుంటే పొరపడినట్టే. ఫోను మారితే చిత్రాలు పోతాయి. మిగిలినా వాటికింద పేరుండదు. నలభై ఏళ్ళ కిందటి అట్టమీది చిత్రంలో ఆట లేకపోయినా పదకొండు పేర్లున్నాయి. నేటి చిత్రంలో ఆట ఉంది, పేరు లేదు. నా దృష్టిలో రెండో లోటే పెద్దది. ఆటను అడిగి తెలుసుకోవచ్చు, ఆ పేరుగల మనిషి దొరికితే.

ఇక్కడ ఒక న్యాయమైన అడ్డంకి ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతిని కోరుతుంది. నిర్ణీత ప్రమాణాలకు లోబడి పరిశోధన, ఆర్కైవుల అవసరాలకు మినహాయింపు కల్పిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, ఆడపిల్ల చిత్రాన్ని పేరుతో సహా బయట పెట్టినందువల్ల ఆమెను మరునాటినుంచి ఆటకు పంపడం మానుకునే ఇళ్ళు మన పల్లెల్లో లేకపోలేదు. కాబట్టి పేరు రాయాలి, కాని చిత్రంమీద కాదు. ప్రతి పాఠశాల పోటీకి ఆటగాళ్ళ పేర్లు, తరగతి, తేదీ, ఫలితంతో కూడిన స్కోరుపత్రం ఎలాగూ తయారవుతుంది. దాని అంచున మ్యాచ్ చిత్రాల ఫైలు సంఖ్యలు రాసి, చిత్రాలను సమాచారం చెరగకుండా ఒక డిస్కులోకి ఎక్కించి, పత్రాన్ని పాఠశాల బీరువాలో ఉంచితే చాలు. దానికి కావలసినది ఒక పెన్సిలు, మ్యాచ్ అయ్యాక డ్రిల్లు అయ్యవారి పావుగంట. ఆయన ఆ పావుగంటలో నెట్లు విప్పించాలి, బంతులు లెక్కపెట్టాలి, దూరపు ఊళ్ళ పిల్లలను చివరి బస్సు ఎక్కించాలి కూడా.