దామెర్ల రామారావు చిత్రశాల

దామెర్ల రామారావు చిత్రశాల రాజమహేంద్రవరం (రాజమండ్రి)లో గోదావరి గట్టుకు చేరువలో ఉంది. ప్రధానంగా ఒకే చిత్రకారుడి పనిని చూపే ప్రదర్శనశాలలు తెలుగునాట అరుదు. 28వ ఏటనే కన్నుమూసిన మనిషి కృషిలో పెద్ద భాగం చెల్లాచెదురు కాకుండా, ఆయన పుట్టిన ఊళ్లోనే నిలవడం ఈ చిత్రశాల అసలు విలువ.

రామారావు 1897 మార్చి 8న జన్మించాడు. ఆయన చేతిలోని నేర్పును రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించాడు. కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడవి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆయన శిష్యులే. ఆయన ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు ముగించాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన చిత్రం ‘ఋష్యశృంగ బంధనం’ బహుమతి పొందింది. మరుసటి ఏడాది రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల నెలకొల్పాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను బలిగొంది. బొంబాయి చదువుకూ మరణానికీ మధ్య ఉన్నవి ఐదేళ్లే. చిత్రశాలలో అడుగుపెట్టేవారు ఈ లెక్కను మనసులో ఉంచుకోవాలి. అప్పుడే ఆ గోడల మీద ఉన్నది ఎంత పనో తెలుస్తుంది.

ఆయన పోయాక మిత్రుడు, సహ చిత్రకారుడు వరదా వెంకటరత్నం పాఠశాలను నడిపి, చిత్రాలను కాపాడాడు. తర్వాత చిత్రశాల ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఒకే ఇంట ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం చిన్న విషయం కాదు. వారి పేర్లు ఇంకా ఎక్కువగా వినిపించాలి.

చూసేవారు పెన్సిల్ రేఖాచిత్రాలతో మొదలుపెట్టడం మేలు. ఒక చేయి వంపు, తలపాగా ముడి, కూర్చున్న మనిషి వీపు వంటివి ఓపికగా గీసి నేర్చుకున్న చేయి అక్కడ కనిపిస్తుంది. ఆ తర్వాత నీటిరంగుల చిత్రాల ముందు నిలబడితే రేఖ ఎందుకంత నిబ్బరంగా సాగిందో అర్థమవుతుంది. వాటిలో పేరెన్నికగన్నది ‘సిద్ధార్థ రాగోదయం’. రాకుమారుడు కన్యలకు కానుకలు పంచే వేళ యశోధరను చూసి మనసు పడిన ఘట్టం దాని కథ. బెంగాల్ శైలి చిత్రకారులు రంగును నీళ్లతో పలుమార్లు కడిగి మంచు కమ్మినట్టు చేస్తారు. రామారావు ఆ దారిన పూర్తిగా పోలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని అజంతా రేఖతో కలిపాడు. అందుకే ఆయన బొమ్మలు కలలోని మనుషుల్లా తేలిపోకుండా నేల మీద నిలబడతాయి. ‘పుష్పాలంకరణ’లోనూ ఈ గుణమే ఉంది.

నీటిరంగులకు వెలుతురే పెద్ద శత్రువు. రాతి శిల్పాలు శతాబ్దాల ఎండావానలను ఓర్చుకుంటాయి. కాగితం మీది రంగు అలా ఓర్వదు. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. ఇలాంటి చిత్రాలపై పడే కాంతి 50 లక్స్ దాటరాదన్నది ప్రదర్శనశాలలు పాటించే నియమం. నదీతీరపు తేమ మరో బెడద; అది కాగితానికి బూజు పట్టిస్తుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 1973లో తెరిచిన వాన్ గో మ్యూజియం కూడా 37 ఏళ్లకే మరణించిన చిత్రకారుడి పనిని ఒకచోట నిలిపింది. దాన్ని లోకమంతా వెళ్లి చూస్తుంది. రాజమండ్రి చిత్రశాల గురించి తెలియని తెలుగువారు ఎందరో. పుష్కరాలకు వచ్చినవారు సైతం దాని పక్కనుంచే సాగిపోతారు.

తెలంగాణలోని బోధన్ సీమ నుంచి వెళ్లేవారికి ఆ గోదావరి ఒడ్డు కొత్తది కాదు. బోధన్‌కు చేరువలోని కందకుర్తి వద్ద మంజీరను కలుపుకుని తెలంగాణలో ప్రవేశించే గోదావరే రాజమండ్రిని దాటి సముద్రం వైపు సాగుతుంది. స్నానానికో దర్శనానికో ఆ నది దగ్గరకు వెళ్లినవారు రెండు గంటలు మిగుల్చుకుని, ఫ్లాష్ వాడకుండా, ఈ చిత్రాలను నింపాదిగా చూసి రావాలి.