చెంబు పుట్టుపూర్వోత్తరములు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఇంటికి వచ్చిన చుట్టమునకు కాళ్లు కడుగుకొనుటకు మొదట అందించునది చెంబెడు నీళ్లు. వ్రతమునాడు దానిపై మామిడాకులు పేర్చి టెంకాయ నిలిపినచో అదియే కలశమను గౌరవనామము నందును. తెల్లవారుజామున ఒకడు చెంబు పట్టుకొని పోయినాడన్నచో ఎక్కడికని ఎవ్వరును అడుగరు. ఇన్నివిధముల వాడుకలోనున్న ఈ పాత్రకు ఆ పేరు ఆకారమును బట్టి గాని, ఉపయోగమును బట్టి గాని రాక, లోహమును బట్టి వచ్చినది.

ద్రావిడ భాషలలో ఎరుపును తెలుపు 'చెం' అను రూపము తెలుగున చెందామర, చెంగలువ, చెంగావి అను మాటలలో నేటికిని నిలిచియున్నది. తమిళ మలయాళములలో చెంబనగా ఎఱ్ఱలోహమగు రాగియే. ఆ లోహముతో చేసిన పాత్రయు ఆ పేరనే పిలువబడినది. తెలుగువారు లోహమునకు రాగి యను పేరును స్థిరపరచుకొని, చెంబును పాత్రకు విడిచిపెట్టిరి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు పడమట, రాయచూరు వైపున, కన్నడిగులు దీనినే చొంబనియు, తంబిగె యనియు అందురు. ఈ రెండవ మాట సంస్కృత 'తామ్ర' శబ్దమునుండి ప్రాకృత 'తంబ' రూపము మీదుగా దిగివచ్చినది. మూలభాషలు వేఱైనను రెండు పేళ్లును రాగినే చూపుచున్నవి.

లోహమునకు ముందు ఈ సీమలో పాత్రయనగా మట్టిదే. నడిగడ్డలోని ఉత్నూరులో 1957లో పురావస్తుశాస్త్రజ్ఞుడు ఆల్చిన్ త్రవ్విన బూడిదదిబ్బ నవీన శిలాయుగపు పశుపాలకులది. వారు వాడినవి చేతితో మలచిన కుండలు. క్రీ.శ. 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యులు కట్టించిన అలంపురపు నవబ్రహ్మాలయముల స్తంభములపై లతలు పొంగిపొరలు పూర్ణఘటములు చెక్కబడియున్నవి. కావున చెంబునకున్న గుండ్రని కడుపు, సన్నని మెడ, వెలుపలికి విచ్చిన అంచు లోహకారుడు కొత్తగా కల్పించినవి కావు. కుమ్మరినుండి అతడు గ్రహించినవి. అయితే మట్టిపాత్ర క్రింద పడినచో పగులును. లోహపాత్రకు ఆ భయము లేదు గనుక, మెడకు తాడు బిగించి బావిలోనికి విడిచినను, ఐదువ్రేళ్లతో మెడ పట్టి ఊరూరు తిరిగినను చెక్కుచెదరదు.

కాలక్రమమున రాగి చోటున ఇత్తడి వచ్చినను పేరు మారలేదు. రాగి ఇత్తడులు పులుపు తగిలినచో చిలుమెక్కును; అందుచే లోపల కళాయి పూయవలసి వచ్చెను. కళాయి వేయువాడు వీధిలో గుంట త్రవ్వి, తిత్తితో నిప్పు రాజేసి, పాత్రను కాల్చి, నవాసాగరము చల్లి, తగరము కరగించి, దూదితో ఒక్కమారు త్రిప్పి తుడిచినంతనే లోపలి భాగమంతయు వెండివలె మెఱసెడిది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డున హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేసెను. ఆ ఉక్కు మన వంటింటికి చేరిన పిమ్మట చిలుము పోయెను, కళాయి పోయెను, కళాయివాని కేకయు పోయెను. చెంబు మాత్రము స్టీలు చెంబై, ప్లాస్టిక్ చెంబై నిలిచెను.

ఇట్టి గతి చెంబొక్కదానికే పట్టలేదు. కంచుతో పేరు కలిసిన కంచము నేడు స్టీలుది. ఇంగ్లీషున గాజునకు పేరైన గ్లాసు మన ఇండ్లలో 'స్టీలు గ్లాసు' అయినది. తెలంగాణమున అల్యూమినియపు గిన్నెలను సిల్వర్ గిన్నెలనుటలో వెండి లేకయే వెండిపేరు దిగినది. పదార్థము ధరను బట్టియు, సౌకర్యమును బట్టియు మారిపోవును. పాత్ర చేయు పని మారనంతకాలము జనులు పేరును మార్చరు. కావున ఒక ఊరి లోహచరిత్రను వ్రాయబూనినవారు అచటి పాత్రల పేళ్లను మొదట పట్టిక వేసికొనుట మేలు. ఏ లోహము ఏ కాలమున ఇంటిలో అడుగుపెట్టినదో ఆ పేళ్ల వరుసయే కొంతవరకు చెప్పగలదు.