స్త్రీలలో ఒత్తిడి మూత్రస్రావం: నిర్ధారణ పరీక్షలు

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువెత్తినా పొట్టలో ఒత్తిడి పెరిగి, ఆపుకోలేకుండా మూత్రం జారిపోవడాన్ని వైద్యులు స్ట్రెస్ యూరినరీ ఇన్‌కాంటినెన్స్ అంటారు. మానసిక ఒత్తిడితో దీనికి సంబంధం లేదు. పరీక్షలతో తేల్చవలసినవి రెండు: ఒత్తిడి పడ్డప్పుడే మూత్రం జారుతోందా అన్నది ఒకటి, దీన్ని పోలిన వేరే జబ్బు ఏదైనా ఉందా అన్నది రెండోది.

వివరాల సేకరణ, ప్రాథమిక పరీక్షలు

దగ్గుతోపాటే మూత్రం పడితే ఒత్తిడి రకమని అనుమానిస్తారు. ఉన్నట్టుండి తొందర పుట్టి, మరుగుదొడ్డికి చేరేలోపే పడిపోతే అది ఎక్కువగా మూత్రాశయ కండరం అదుపు తప్పి ముడుచుకోవడం వల్ల. రెండు లక్షణాలూ కలిసి ఉన్న స్త్రీలు కూడా తక్కువేమీ కాదు. కష్టమైన కాన్పు తరువాతో, గర్భసంచి ఆపరేషన్ తరువాతో రాత్రింబవళ్లు ఆగకుండా కారుతుంటే ముందుగా ఫిస్టులాను, అంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య ఏర్పడిన రంధ్రాన్ని, అనుమానించాలి. మూత్రాశయంలోకి రంగు ద్రవం ఎక్కించి, అది యోనిలోకి వస్తుందేమో చూస్తే ఈ సంగతి చాలావరకు తేలుతుంది.

వాడుతున్న మందుల గురించీ అడగాలి. రక్తపోటుకు ఇచ్చే ప్రాజోసిన్ వంటివి మూత్రమార్గపు బిగువును సడలిస్తాయి. కొన్ని ఇతర బీపీ మందులు పొడిదగ్గు తెప్పించి, ఉన్న ఇబ్బందిని పెంచుతాయి. కనీసం 3 రోజులపాటు తాగిన నీరు, పోసిన మూత్రం, జారిన సందర్భాలు రాసిపెట్టుకోమంటారు. ఇన్ఫెక్షన్, చక్కెర ఉన్నాయేమో మూత్రపరీక్ష చెబుతుంది. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌తో గానీ కాథెటర్‌తో గానీ కొలుస్తారు. హద్దు మీద ఏకాభిప్రాయం లేకున్నా, 150 మిల్లీలీటర్ల లోపు ఉంటే సాధారణంగా ఆందోళన పడరు.

దగ్గు పరీక్ష

నిర్ధారణకు ఆధారమైన పరీక్ష ఇదే. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు, సుమారు 300 మిల్లీలీటర్లు ఉండేలా చూసి, పడుకోబెట్టి గట్టిగా దగ్గమంటారు. ఏమీ జారకపోతే నిలబెట్టి మళ్లీ దగ్గిస్తారు. దగ్గిన క్షణంలోనే మూత్రం పడి, దగ్గు ఆగగానే ఆగిపోతే ఒత్తిడి రకం అన్నట్టే. కొన్ని క్షణాలు ఆలస్యంగా మొదలై ధారగా సాగితే, దగ్గు మూత్రాశయ కండరాన్ని రెచ్చగొట్టిందని అర్థం. గర్భసంచి జారిన స్త్రీలలో మూత్రమార్గం మడతపడి, ఉన్న లోపం బయటపడకపోవచ్చు. అందుకే జారిన భాగాన్ని పైకి నెట్టి పట్టి మరోసారి చూస్తారు. సిగ్గుతో బిగబట్టుకుని మెల్లగా దగ్గితే ఫలితం తప్పుతుంది. కాబట్టి చాటు, నమ్మకం కల్పించడం కూడా పరీక్షలో భాగమే. ఒక్కసారి జారకపోయినంత మాత్రాన జబ్బు లేదనడానికి లేదు.

పాత పరీక్షలు

మూత్రాశయపు మెడకు ఇరుపక్కలా వేళ్లతో ఎత్తిపట్టి దగ్గిస్తే స్రావం ఆగుతుందా అని చూసే పద్ధతిని బ్రిటిష్ వైద్యుడు విక్టర్ బోనీ పేరుతో పిలుస్తారు. ఆయన 1923 వ్యాసాన్ని దీనికి మూలంగా చెబుతారు. స్రావం ఆగితే ఆపరేషన్ ఫలిస్తుందని చాలాకాలం నమ్మారు. అయితే వేళ్లు మెడను ఎత్తడం కన్నా మూత్రమార్గాన్నే నొక్కి మూసేస్తున్నాయని 1983లో ప్రచురితమైన పీడన కొలతలు సూచించాయి. 1971లో వెలువడిన క్యూ-టిప్ పరీక్షలో దూదిపుల్లను మూత్రమార్గంలో ఉంచి, ముక్కినప్పుడు అది ఎంత వంగుతుందో చూస్తారు. 30 డిగ్రీలు దాటితే మూత్రమార్గానికి ఆసరా సడలినట్టు లెక్క. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఈ రెండింటినీ వాడవద్దంటుంది. అమెరికా వైద్య సంఘాలు మాత్రం ఆపరేషన్‌కు ముందు మూత్రమార్గపు కదలికను చూడమంటాయి. క్యూ-టిప్ ఆసరా సడలిందని చెప్పగలదే కానీ, జబ్బును నిర్ధారించలేదన్నది స్థిరపడిన అభిప్రాయం.

ప్యాడ్ పరీక్ష

తూచిన ప్యాడ్ పెట్టుకుని, అర లీటరు నీళ్లు తాగి, గంటసేపట్లో నడక, మెట్లెక్కడం, కూర్చుని లేవడం, దగ్గడం వంటివి చేయాలి. ప్యాడ్ బరువు 1 గ్రాముకు మించి పెరిగితే స్రావం ఉన్నట్టే. ఎంత జారిందో తెలుస్తుంది, ఎందుకు జారిందో తెలియదు.

యూరోడైనమిక్ పరీక్ష

సన్నని గొట్టాలతో మూత్రాశయంలోనూ పొట్టలోనూ పీడనాన్ని ఏకకాలంలో కొలుస్తారు. ముక్కినప్పుడు 60 సెంటీమీటర్ల నీటి పీడనం లోపే మూత్రం జారితే మూత్రమార్గపు మూత బలహీనమైందని కొందరు భావిస్తారు. ఈ హద్దు వివాదాస్పదం. ఆపరేషన్‌కు ముందు అందరికీ ఈ పరీక్ష కావాలా అన్న ప్రశ్నపై అమెరికాలో 630 మంది స్త్రీలతో జరిపిన ‘వాల్యూ’ అధ్యయనం 2012లో వెలువడింది. ఏడాది తరువాత చూస్తే, ఈ పరీక్ష చేసినవారిలో 76.9 శాతం మందికి, మామూలు పరీక్షలతో సరిపెట్టినవారిలో 77.2 శాతం మందికి చికిత్స ఫలించింది. అయితే వారంతా చిక్కులు లేని, దగ్గు పరీక్షలో స్రావం కనిపించిన స్త్రీలు. తొందర లక్షణం ప్రధానంగా ఉన్నా, మూత్రం పోయడం కష్టమైనా, లోగడ ఆపరేషన్ విఫలమైనా యూరోడైనమిక్ పరీక్ష అవసరమే.

వయసు మీదపడితే, కాన్పులైతే ఇది మామూలేనని చాలామంది ఏళ్ల తరబడి చెప్పుకోకుండా ఓర్చుకుంటారు. చాలామందిలో వివరాలు, మూత్రపరీక్ష, దగ్గు పరీక్షతోనే జబ్బు తేలుతుంది, కటి కండరాల వ్యాయామంతో చికిత్స మొదలవుతుంది. కాబట్టి ఈ ఇబ్బంది ఉన్నవారు దాచుకోకుండా వైద్యులను కలవాలి.