కి నో బి: క్యోటో జిన్ రుచులు, స్వభావం

జపాన్ పూర్వ రాజధాని క్యోటోలో రూపుదిద్దుకున్న డ్రై జిన్ పేరు కి నో బి. ఆ మాటకు 'రుతువుల సౌందర్యం' అని అర్థం. ఇది 2016 అక్టోబరులో విపణిలోకి వచ్చింది. బియ్యం నుండి తీసిన మద్యసారం దీనికి ఆధారం. పదకొండు రకాల వృక్ష సంబంధమైన దినుసులు దీనికి పరిమళాన్నిస్తాయి. ఇందులో మద్యసారం 45.7 శాతం. జునిపర్ కాయ ప్రధానమైన యూరప్ పానీయంలోకి తేయాకు, యుజు, వెదురు ఆకు వంటి తూర్పు దేశపు దినుసులు ప్రవేశించినప్పుడు అది జిన్‌గానే మిగులుతుందా, లేక పరిమళం కలిపిన మరో మద్యంగా మారిపోతుందా అనే ప్రశ్నకు ఈ జిన్ ఒక చక్కని సమాధానం.

జిన్ లక్షణం

ధాన్యం మొదలైన వాటి నుండి తీసిన, సొంత రుచి అంతగా లేని మద్యసారానికి జునిపర్ పరిమళాన్ని పట్టిస్తే జిన్ అవుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం అందులో జునిపర్ రుచే ప్రధానంగా ఉండాలి, మద్యసారం 37.5 శాతానికి తగ్గరాదు. తక్కిన దినుసుల ఎంపిక తయారీదారు ఇష్టం. ఆ స్వేచ్ఛ వల్లనే ప్రాంతానికొక జిన్ పుట్టింది. ఆ స్వేచ్ఛ హద్దు మీరితే జిన్ తన గుర్తింపును కోల్పోతుంది.

పుట్టుక

జపాన్‌లో జిన్ తయారీ కొత్త కాదు. సంటోరీ సంస్థ 1936లోనే హెర్మెస్ పేరుతో జిన్ విడుదల చేసింది. అయితే కేవలం జిన్ కోసమే నెలకొల్పిన తొలి జపాన్ డిస్టిలరీగా పేరు పొందినది క్యోటో డిస్టిలరీ. జపాన్ విస్కీ వ్యాపారంలో అనుభవం గడించిన డేవిడ్ క్రోల్, మార్సిన్ మిల్లర్, వారితోపాటు నొరికో కకుడా క్రోల్ దీని వ్యవస్థాపకులు. బ్రిటన్‌కు చెందిన అలెక్స్ డేవిస్ తొలి జిన్‌కు రూపమిచ్చిన ప్రధాన తయారీ నిపుణుడు. 2020లో ఫ్రాన్స్‌కు చెందిన పెర్నో రికార్ సంస్థ ఇందులో పెట్టుబడి పెట్టింది.

ఆరు వర్గాలు

అనేక జిన్‌ల తయారీలో దినుసులన్నిటినీ ఒకే పాత్రలో వేసి స్వేదనం చేస్తారు. కి నో బి విషయంలో పదకొండు దినుసులను ఆరు వర్గాలుగా విభజించి, ప్రతి వర్గాన్నీ విడిగా స్వేదనం చేసి, అటుపిమ్మట తగు పాళ్ళలో కలుపుతారు. తేయాకు, యుజు తొక్క వంటివి సున్నితమైనవి. వేడి ఎక్కువైతే వాటి సువాసన చెడుతుంది. చెక్క, వేరు వంటివి అంత సులభంగా సారం వదలవు. విడిగా కాచడం వల్ల దేనికి తగిన వేడి, సమయం దానికి లభిస్తాయి.

మూలం: జునిపర్, ఐరిస్ దుంప, హినోకి చెక్క.
పుల్లని పండ్లు: యుజు, నిమ్మ.
తేయాకు: గ్యొకురో.
ఆకుల వర్గం: సాన్షో, దాని లేత చిగురైన కినోమె.
కారం: అల్లం.
పండ్లు, పూల వాసన: ఎర్ర షిసో ఆకు, వెదురు ఆకు.

దినుసుల చుట్టరికం

పై ప్రశ్నకు సమాధానం మొదటి వర్గంలోనే ఉంది. హినోకి జపాన్‌కు చెందిన సైప్రస్ వృక్షం. అక్కడి ఆలయాల నిర్మాణానికి, స్నానపు తొట్లకు దాని కలప ప్రసిద్ధం. వృక్షశాస్త్రరీత్యా జునిపర్, హినోకి ఒకే కుటుంబానికి చెందినవి. అందుచేత ఆ చెక్క వాసన జునిపర్‌ను కప్పివేయదు. దానికి అండగా నిలిచి, జపాన్ అడవి గాలిని చేరుస్తుంది.

యుజు, నిమ్మ, సాన్షోల మధ్య కూడా ఇటువంటి బంధుత్వమే ఉంది. సాన్షోను జపాన్ మిరియం అంటారు గాని అది మిరియాల జాతి కాదు. మన కరివేపాకు, మారేడు ఉన్న నిమ్మ కుటుంబానిదే. కొంకణ తీరంలో చేపల కూరలలో వేసే తెప్పళ దానికి దగ్గరి చుట్టం. తెప్పళ రుచి ఎరిగిన వారికి సాన్షో స్వభావం సులభంగా బోధపడుతుంది: ముందు నిమ్మతొక్క వాసన, తర్వాత నాలుకపై సన్నని తిమ్మిరి.

గ్యొకురో క్యోటో సమీపంలోని ఉజి తోటల తేయాకు. కోతకు ముందు సుమారు మూడు వారాలు తోటపై నీడ పరుస్తారు. ఎండ తగలకపోవడం వల్ల ఆకులో థియానిన్ నిలిచి, వగరు తగ్గి కమ్మదనం పెరుగుతుంది. ఎర్ర షిసో తులసి కుటుంబపు మొక్క. జపాన్ వారి ఊరవేసిన ఉమె కాయలకు ఎరుపు రంగునిచ్చేది అదే.

బియ్యం, నీరు

గోధుమ, మొక్కజొన్న మద్యసారాలతో పోల్చితే బియ్యపు సారం మృదువుగా, కొద్దిపాటి తీపితో ఉంటుంది. బలం తగ్గించేందుకు కలిపే నీరు ఫుషిమి ప్రాంతానిది. బియ్యంతో చేసే సాకే మద్యానికి శతాబ్దాలుగా పేరు మోసిన ఆ ప్రాంతపు నీరు మెత్తనిది. సగానికి పైగా నీరే ఉండే పానీయంలో ఈ మెత్తదనం రుచిపై ప్రభావం చూపుతుంది.

రుచి క్రమం

గ్లాసు ముక్కు దగ్గరకు చేర్చగానే యుజు పరిమళం, వెంటనే సాన్షో ఘాటు తెలుస్తాయి. నాలుకపై జునిపర్ స్పష్టంగా నిలుస్తుంది. నడుమ గ్యొకురో కమ్మదనం విచ్చుకుంటుంది. చివర అల్లపు వెచ్చదనం గొంతులో కొంతసేపు ఉంటుంది. 2017లో సంటోరీ విడుదల చేసిన రోకు జిన్‌లోనూ యుజు, గ్యొకురో, సాన్షో ఉన్నాయి. అయితే అందులో చెర్రీ పూవు, చెర్రీ ఆకు, సెంచా టీ కూడా చేరడం వల్ల పూల వాసన ముందుకు వస్తుంది. కి నో బిలో చెక్క, తేయాకుల గాంభీర్యం ఎక్కువ.

సేవించే పద్ధతి

టానిక్‌లోని క్వినైన్ చేదు, తీపి అధికమైతే తేయాకు రుచి మరుగున పడుతుంది. అందువల్ల మంచుగడ్డతో గాని, సోడాతో గాని తీసుకుంటే దీని స్వభావం బాగా తెలుస్తుంది. జపాన్ వారు షోచు మద్యంలో వేడినీరు కలుపుకునే పద్ధతి దీనికీ నప్పుతుంది. ఆ ఆవిరిలో యుజు, హినోకి వాసనలు ముందుగా పైకి లేస్తాయి. సాధారణ జిన్ కంటే బలమైనది గనుక మితం తప్పనిసరి.

'క్రాఫ్ట్' అనే మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. పెద్ద సంస్థ పెట్టుబడి చేరిన తర్వాత ఆ పేరు తగునా అన్న చర్చ సహజం. దానికి కొలమానం యాజమాన్యం కంటే పనితీరే అనుకుంటే, ఉజి ఆకు, ఫుషిమి నీరు, ఆరు విడి స్వేదనాలు కొనసాగినంత కాలం కి నో బి ఆ పేరుకు తగినదే.