గోడ లేవకముందే లోపం తెలుస్తుంది
హరిత భవనాలకు ‘బిమ్‌’ ఆసరా

స్లాబు పోశాక పైపు దారి గుర్తుకొస్తుంది. వెంటనే కాంక్రీటును తొలుస్తారు. పడమటి ఎండకు ఎదురుగా పెద్ద కిటికీలు పెట్టి, ఆనక ఏసీల కరెంటు బిల్లు కడతారు. పగలగొట్టిన ప్రతి గోడతోనూ సిమెంటు, ఇసుకతో పాటు వాటి తయారీకి వెచ్చించిన ఇంధనమూ వృథా అవుతుంది. ఈ దుబారాను ముందే అరికట్టేందుకు ఉపకరించే విధానం బిల్డింగ్‌ ఇన్ఫర్మేషన్‌ మోడలింగ్‌. ఇంజినీర్లు దీనిని ‘బిమ్‌’గా వ్యవహరిస్తారు.

బొమ్మ ఒక్కటే కాదు..
మామూలు కంప్యూటర్‌ ప్లానులో గోడ అంటే రెండు గీతలే. బిమ్‌ నమూనాలో ఆ గోడకు మందం, ఇటుక రకం, వేడిని ఆపే గుణం, ధర వంటి వివరాలను జతపరచవచ్చు. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్‌ ఇంజినీరు, విద్యుత్తు, ప్లంబింగ్‌ నిపుణుల నమూనాలను కలిపి పరిశీలిస్తారు. దూలానికి పైపు అడ్డుపడితే తెరపైనే బయటపడుతుంది. కిటికీ కొలత మారిస్తే సామగ్రి లెక్కా మారుతుంది.

ఎండ, వెలుతురు లెక్క
భవనాన్ని ఏ దిక్కుకు నిలిపితే వేడి తగ్గుతుంది, సన్‌షేడ్‌ ఎంత ఉండాలి, గదిలోకి పగటి వెలుతురు ఎంత వస్తుందన్నది ఈ నమూనా ఆధారంగా అంచనా వేయవచ్చు. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్‌ గ్రీన్‌ బిజినెస్‌ సెంటర్‌ అమెరికా వెలుపల లీడ్‌ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం. నడిమి ముంగిలి, మిద్దెపై పచ్చదనం వంటి ఏర్పాట్లు అక్కడ రూపకల్పన దశలోనే చోటు చేసుకున్నాయి. అలాంటి నిర్ణయాలను ముందుగా లెక్కించి చూసుకునే వీలును బిమ్‌ కల్పిస్తుంది.

ఇతర దేశాల్లో..
సింగపూర్‌లో 2015 నుంచి 5 వేల చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కొత్త భవనాల ప్లాన్లను బిమ్‌ రూపంలో సమర్పించాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. బ్రిటన్‌ 2016 ఏప్రిల్‌ నుంచి కేంద్ర ప్రభుత్వ పనులకు దీనిని తప్పనిసరి చేసింది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 19650 తొలి భాగాలు 2018లో వెలువడ్డాయి. మన దేశంలో నాగపూర్‌ మెట్రో నిర్మాణంలో ఈ విధానాన్ని అనుసరించారు.

అడ్డంకులూ ఉన్నాయి
సాఫ్ట్‌వేర్‌ ఖర్చు, శిక్షణ కొరత చిన్న పట్టణాల ఇంజినీర్లకు భారం. డిజైన్‌ పూర్తయ్యాక టెండరు ద్వారా కాంట్రాక్టరు వచ్చే పద్ధతిలో నమూనా కార్యాలయంలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు మేస్త్రీ చేతికి పాత కాగితమే అందుతుంది. నమూనాలో తప్పుడు వివరాలు నింపితే ఫలితమూ తప్పే. అందువల్ల పునాది తీయకముందే అందరూ ఒకే నమూనాపై పని మొదలుపెట్టాలి. సైటులో జరిగిన ప్రతి మార్పునూ అందులో నమోదు చేయాలి. అప్పుడే పెట్టిన ఖర్చుకు ప్రయోజనం దక్కుతుంది.