ఇంజను బ్లాకు - క్రాంకు షాఫ్టు: ఒక పాత జత చరిత్ర

గరివిడి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది మాంగనీసు. 1892లో మన ప్రాంతపు కోడూరు గనులతోనే దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది. ఆ ఊరి పేరు మీదే ఒక రాతికి కోడురైట్ అని పేరు పెట్టారు. 1955లో ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషన్ ఏర్పడింది. శ్రీరాంనగర్‌లో కొలుములు వెలిశాయి. ఇదంతా మన సభ్యుల్లో చాలామందికి కంఠతా వచ్చిన చరిత్రే. అయితే రాయిని, బొగ్గును, మనుషులను మోసిన లారీలు, జీపులు, బస్సుల గురించి మాత్రం మనం అంతగా చెప్పుకోము. వాటి ఇంజన్లు విప్పి, కూర్చి, మళ్ళీ ప్రాణం పోసిన మేస్త్రీల విద్య గురించి అసలే చెప్పుకోము. నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఈ ప్రత్యేక సంచిక మంచి అవకాశం.

ఇంజనుకు బ్లాకు ఒళ్ళయితే క్రాంకు షాఫ్టు వెన్నెముక. ఆ షాఫ్టు ఉక్కులో కొంత మాంగనీసు తప్పనిసరిగా ఉంటుంది. అంటే మన కొలుముల సరుకుకూ, మన షెడ్డు పనికీ చుట్టరికం ఉన్నట్టే.

తెలుగు నేలపై ప్రభుత్వ బస్సుల కథ 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖతో మొదలైంది. అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. నాటి ఆల్బియాన్ బస్సుల్లో ఒకదాన్ని హైదరాబాదు బస్ భవన్‌లో భద్రపరిచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విల్లీస్ జీపులు దేశమంతా వ్యాపించాయి. 1954లో టాటా వారు డైమ్లర్ బెంజ్ వారితో కలిసి లారీల తయారీకి దిగారు. 1955లో అశోక్ మోటార్స్ పేరు అశోక్ లేలాండ్‌గా మారింది. 1957లో అంబాసిడర్ కారు వచ్చింది. ఇలా వేర్వేరు దేశాల కొలతలు ఒకే మేస్త్రీ బల్ల మీదికి వచ్చి పడ్డాయి. ఒకటి అంగుళాల్లో ఉంటే, మరొకటి మిల్లీమీటర్లలో.

అందుకే పేరులోని అంకెను చదవడం మొదటి పాఠమైంది. టాటా 692 అంటే 6 సిలిండర్లు, 92 మి.మీ. బోరు. 697 అంటే 6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు. లేలాండ్ వారి 350, 600, 680 అంకెలు బోరు కావు, ఇంజను మొత్తం పరిమాణం ఘనపు అంగుళాల్లో. ఈ తేడా తెలియనివాడు ఇంజనును గుర్తుపట్టలేడు.

రెండో పాఠం స్ట్రోకు. 692లో అది 120 మి.మీ., 697లో 128 మి.మీ. స్ట్రోకు 8 మి.మీ. పెరిగితే పిస్టను పైకి 4 మి.మీ. ఎక్కువగా వస్తుంది. డీజిలు ఇంజనులో పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఉండే సందు సుమారు ఒక మిల్లీమీటరు. కాబట్టి చూపుకు సరిపోయేటట్టున్న షాఫ్టు కూడా జతకాకపోతే మొదటి తిప్పులోనే హెడ్డును తాకుతుంది. అంబాసిడర్ విషయమూ చూడండి. మొదటి సైడ్ వాల్వు ఇంజను 1476 సి.సి., 1959లో వచ్చిన ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను 1489 సి.సి. కాగితం మీద తేడా 13 సి.సి. మాత్రమే. కాని రెండూ వేర్వేరు కుటుంబాల ఇంజన్లు. ఒకదాని షాఫ్టు రెండోదానికి పనికిరాదు.

జీపు సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది. పాత విల్లీస్ ఇంజనులో రెండు రకాల వాల్వులూ బ్లాకులోనే ఉండేవి. తర్వాతి దాంట్లో ఇన్లెట్ వాల్వు హెడ్డులోకి మారింది. పైకి రెండూ వేరుగా కనిపించినా బోరు మూడుంబావు అంగుళాలకు కొంచెం తక్కువ, స్ట్రోకు 4 అంగుళాల 3 సూత్రాలు, రెండింటికీ ఒకటే. అయితే తొలి ఇంజన్లలో కాం షాఫ్టును గొలుసు తిప్పేది. తర్వాతి వాటిలో పళ్ళచక్రాలు తిప్పాయి. దాంతో కాం షాఫ్టు తిరిగే దిక్కే మారిపోయింది. ముందు మూత విప్పి చూడకుండా సామాను కొనకూడదన్నది అందుకే.

బ్లాకు మీద రెండు రకాల అంకెలుంటాయి. పోతలో ఉబ్బెత్తుగా వచ్చినది అచ్చు నంబరు. అది ఏ రకం పోతో చెబుతుంది. సుత్తితో కొట్టిన గుంట అంకె ఇంజను నంబరు. ఆర్.సి. పుస్తకంలో ఉండేది అదే. బ్లాకు మారిస్తే రవాణా శాఖలో నమోదు చేయించుకోవాలి.

తర్వాత షాఫ్టు పరీక్ష. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే మంచి షాఫ్టు గంటలా మోగుతుంది. పగులుంటే బొంగురుగా పలుకుతుంది. అనుమానముంటే కిరసనాయిలుతో తడిపి, బాగా తుడిచి, సుద్ద పూయాలి. పగుల్లో దాగిన నూనె సుద్ద మీద గీతగా బయటపడుతుంది. ఆపైన మైక్రోమీటరుతో ప్రతి జర్నలునూ రెండు దిక్కులా కొలిచి, ఎంత కోలగా అరిగిందో చూడాలి. గ్రైండింగు 10, 20, 30 థౌల మెట్లలో సాగుతుంది. బేరింగులూ ఆ మెట్టువే వేయాలి. మెయిన్ బేరింగు మూతలు బ్లాకుతో కలిపి బోరు చేసినవి. ఒక బ్లాకు మూత మరో బ్లాకుకు బిగించకూడదు.

ఈ విద్యలో చాలా భాగం పుస్తకాల్లో కంటే మన సభ్యుల చేతుల్లోనే ఉంది. కొలతలు రాసుకున్న పాత డైరీలు, కంపెనీ మాన్యువళ్ళు, గేజీలు ఎన్నో ఇళ్ళలో అటకల మీద ఉండి ఉంటాయి. పాత ఇంజన్లు కాటా మీద తుక్కుగా పోతున్న రోజులివి. దయచేసి పెరట్లో ఉన్న బ్లాకును తూకానికి అమ్మే ముందు దాని మీది అంకెను ఒకసారి మసి తుడిచి చదవండి, రాసి పెట్టండి. మనుమలను పక్కన కూర్చోబెట్టుకుని మైక్రోమీటరు పట్టడం నేర్పండి. పింఛను మనతో ఆగిపోతుంది. పనితనం ఆగిపోనక్కరలేదు.