నొప్పి దారి దాటే చోటు

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక రైతు నా వద్దకు వచ్చాడు. కుడి కాలు ఈడుస్తున్నాడు. ఎడమ కాలిపై కాలిన బొబ్బ. ఎప్పుడు కాలిందో ఆయనకే తెలియదు. “రెండు కాళ్లకు రెండు జబ్బులా? అంతా నటన!” అన్నారు ఇంటివారు. నిజానికి జబ్బు ఒక్కటే. అది వెన్నుపాములో కుడివైపున ఉన్నది. ఇది అర్థం కావాలంటే కొంత చరిత్ర తెలియాలి.

ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ మానవ శరీరంపై రచించిన గ్రంథం, ఆయన మరణానంతరం 1662లో వెలువడింది. తాడు లాగితే గంట మోగినట్లు, పాదానికి తగిలిన నిప్పు నరంలోని సన్నని పోగు ద్వారా మెదడును కదిలిస్తుందని ఆయన ఊహించారు.

మారిషస్‌లో జన్మించిన బ్రౌన్-సెకార్డ్ 1850 ప్రాంతంలో జంతువుల వెన్నుపామును ఒక పక్క సగం మాత్రమే కోసి చూశారు. కోసిన వైపు కాలు చచ్చుబడింది. నొప్పి తెలియకపోవడం మాత్రం రెండవ కాలిలో కనిపించింది. అనగా నొప్పిని మోసే మార్గం వెన్నుపాములోనే అవతలి వైపుకు దాటి, ఆ పిదప పైకి సాగుతుంది. థాలమస్‌ను చేరే ఈ మార్గమే స్పైనోథాలమిక్ ట్రాక్ట్.

1905లో ఫిలడెల్ఫియా వైద్యుడు విలియం స్పిల్లర్ ఒక రోగిని గూర్చి వ్రాశారు. ఆ రోగికి శరీరపు కింది భాగంలో స్పర్శ ఉన్నది. నొప్పి, వేడి, చలి మాత్రం తెలియవు. మరణానంతర పరీక్షలో వెన్నుపాము ముందు-పక్క భాగాలలో, రెండు వైపులా, క్షయ గడ్డలు కనిపించాయి. వ్యాధి తెంచిన దారిని రోగి మేలు కొరకు కత్తితో తెంచరాదా? స్పిల్లర్ సూచనపై 1911లో శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మార్టిన్, కణితి వలన భరించరాని బాధ పడుతున్న రోగికి ఆ పని చేశారు. కార్డాటమీ అనే ఈ శస్త్రచికిత్స తరువాతి దశాబ్దాలలో ఎందరో క్యాన్సర్ రోగులకు ఊరటనిచ్చింది. మందులు మెరుగుపడిన నేడు దాని అవసరం తగ్గింది.

అయితే నొప్పి డెకార్ట్ ఊహించిన తాడు వంటిది కాదు. వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు నొప్పి సంకేతాలను తగ్గించగలదని, పెంచగలదని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉండటానికి వారు చెప్పిన కారణం ఇదే.

కనుక ఒక కాలు బలహీనపడి, రెండవ కాలికి వేడి తెలియకపోతే, దానిని నటన అనకండి. ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి. నొప్పి లేకపోవడం కూడా ఒక్కొక్కసారి జబ్బు గుర్తే.